విత్తనాల పాఠానికి మామ్మ రాయించిన వ్యాఖ్య

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇరవై నాలుగేళ్ల వయసులో, మనిషికి తెలియని విషయాలు చాలా తక్కువగా ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ అవి ఎలాగో ఎక్కువవుతాయి. అప్పట్లో నేను ఒడిశాలోని గుణుపురంలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు మేస్టారిని. పుట్టి పెరిగింది రాయగడ రైల్వే క్వార్టర్లలో కాబట్టి, వరిని అన్నంగా తప్ప మొక్కగా దగ్గరనుంచి చూసింది లేదు. ఏదో శిక్షణకి వెళ్లి, బ్లాగుతో పాఠాలు చెప్పవచ్చని నేర్చుకొచ్చి, తరగతికో బ్లాగు తెరిచాను. నేను పాఠాన్ని టపాగా రాయాలి. పిల్లలు ఇంట్లో ఫోనులో చదివి, ప్రయోగం చేసి, ఫలితాన్ని కింద వ్యాఖ్యగా రాయాలి. నా ఏడాది ప్రొబేషను ఆ జూన్ నెలాఖరుకే ముగుస్తుంది. ఉంచాలో పంపించాలో బడి కమిటీ తేలుస్తుంది. ఈ బ్లాగే నన్ను నిలబెడుతుందని నా నమ్మకం.

మా హెడ్మాస్టరు గారికి బ్లాగంటే అభ్యంతరం లేదు గానీ, కాగితం మీద లేనిదేదీ ఆయనకి ఆనదు. అందుకని ప్రతి టపానీ వ్యాఖ్యలతో సహా పొద్దున్నే అచ్చు తీయించి, సంతకం పెట్టి, బడి ముద్ర వేసి, గేటు పక్క నోటీసు బోర్డుకి అంటించేవారు. ("నెట్టు లేనోళ్లు కూడా సదువుకుంటారు కదండీ" అనేవారు. రబ్బరు ముద్ర పడిన బ్లాగు బహుశా మాదొక్కటే.) పిల్లల్ని దింపడానికి వచ్చిన రైతులు సైకిలు ఆపి మరీ చదివేవారు.

జూన్‌లో విత్తనాల పాఠం వచ్చింది. ఉప్పునీళ్లలో వరి విత్తనం పోస్తే తాలు తేలుతుంది, గట్టి గింజ మునుగుతుంది. నేనేమో తొందరలోనో ధీమాలోనో "తేలినవి మంచివి, మునిగినవి పారేయాలి" అని రాసి, ఇంటి దగ్గర చేసి చూడండని ఆజ్ఞాపించాను. ఏడో తరగతిలో చిట్టి అని ఒక పిల్ల ఉండేది. వాళ్ల తాతలు శ్రీకాకుళం పల్లెనుంచి వచ్చి ఇక్కడ భూమి చేసుకున్నవాళ్లు. మేస్టారి మాటంటే ఆ పిల్లకి వేదం. వాళ్ల మామ్మ నారు పోసే ఆకుమడికని ఉంచిన విత్తనంలోంచి చిట్టి బుట్టెడు తీసి, ఉప్పునీళ్లలో పోసి, తేలినదాన్ని భద్రంగా ఎండబెట్టి, మునిగినదాన్ని కోళ్లకి వేసేసింది.

మర్నాడు బడికి వచ్చి బ్లాగు తెరిస్తే, మామ్మ చెబుతూంటే చిట్టి పొల్లుపోకుండా టైపు చేసిన వ్యాఖ్య కనబడింది. "మేస్టారు బాబూ, తేలింది తాలు. మునిగిందే ఇత్తనం. మా అమ్మి మీరు సెప్పినట్టే సేసింది. మాకు తాలు మిగిలింది. కోళ్లు మాత్తరం శానా బాగున్నాయి. మీరు ఏ ఊర్ల వరి పండించేరు?"

కమిటీ సెక్రటరీ స్వయానా రైతు. వారంలో మీటింగు. నిజం చెప్పేస్తున్నాను, ఆ వ్యాఖ్యని చెరిపేశాను. టపాలో "తేలినవి", "మునిగినవి" అటూ ఇటూ మార్చేసి, మొదటినుంచీ అలాగే రాసినవాడిలా కూర్చున్నాను. మధ్యాహ్నం అన్నానికి ఇంటికెళ్లి వచ్చిన చిట్టి స్టాఫు రూము గుమ్మంలో నిలబడింది.

"సార్, మామ్మ సెప్పింది ఫోన్లో లేదు. నాను తప్పు రాసేనేటి?"

"లేదమ్మి, నెట్టు సరిగ్గా లేదేమో."

"మరి గేటుకాడ బోర్డు మీద ఉన్నాదండి. అందరూ సదువుతున్నారు."

పరిగెత్తాను. నా తప్పుల టపా, దాని కింద మామ్మ వ్యాఖ్య, మీద గుండ్రటి ముద్ర. ఒక పెద్దాయన పైకి చదువుతున్నాడు, నలుగురు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. (కంప్యూటరులో చెరపడానికి మీట ఉంటుంది, జిగురుకి ఉండదు.) అయితే ఆ నవ్వులకంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది వెనకాలే వచ్చిన చిట్టి ముఖం. సారు అబద్ధమాడేడని ఆ పిల్లకి తెలిసిపోయింది.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. తిట్లు తప్పవనుకుంటే మామ్మ పీట వేసింది. "తప్పు రాసింది నేనే మామ్మా. మీ మాట చెరిపేసింది కూడా నేనే" అన్నాను, చిట్టికి వినబడేలా.

"ఇత్తనం ఇంకా ఉన్నాది లే బాబూ. రా, సూపిస్తాను" అంది మామ్మ. గుండిగలో నీళ్లు పోసి, కోడిగుడ్డు వేసి, గుడ్డు తేలేదాకా ఉప్పు కలిపింది. అప్పుడు విత్తనం పోసి, తేలిన తాలు నా చేతే తీయించింది. మునిగిన గింజల్ని మంచినీళ్లతో రెండుసార్లు కడగాలట, ఉప్పు మిగిలితే మొలక చస్తుందట. నా డిగ్రీలో ఈ ముక్క ఎక్కడా లేదు. మర్నాడే అదంతా మామ్మ పేరుతో టపాగా రాశాను. నా తప్పునీ, చెరిపేసిన మామ్మ వ్యాఖ్యనీ, చెరిపింది నేనేనన్న సంగతినీ ముందే పెట్టాను. హెడ్మాస్టరు గారు దానికీ ముద్ర వేశారు.

మీటింగులో సెక్రటరీ గారు అచ్చుకాగితాలు రెండూ ముందు పెట్టుకుని కూర్చున్నారు. "సెరిపేసేనని నువ్వే రాసుకున్నావేటి? రాయకపోతే ఎవరికి తెలుస్తాది?"

"చిట్టికి తెలుసండి" అన్నాను.

ఆయన నా ఉద్యోగం కాగితం మీద సంతకం పెట్టారు. "ఉండు. వరి పాఠం వచ్చినప్పుడు ముసిలమ్మని అడిగి సెప్పు."

ఇవాళ్టికీ పాఠాలు చెప్పుకుంటూ బతుకుతున్నానంటే అది మామ్మ చలవే. ఆవిడ పీట వేయకపోతే ఆ వారం నాకా ధైర్యం వచ్చేది కాదు. బ్లాగు ఇంకా ఉంది, అప్పుడప్పుడు తెరుస్తాను. పక్కన మెడకి టై బిగించుకున్న నా ఫొటో, దాని కింద నేనే రాసుకున్న వాక్యం: "మీ సందేహాలన్నీ తీర్చబడును." అన్నీ అట. పాపం, కుర్రాడు.