రాజలింగు పడవ ఇంజను

రాజలింగు ఆ రోజు తాగలేదు. ఇంజనులో ఏ దోషమూ లేదని నేనన్నాను. ఆ ఒక్క మాట మీద ఊరు అతని చేతిలోంచి పడవ లాగేసుకుంది.

అది 2006. గోదావరిఖనిలో నాకు పంపుసెట్ల రిపేరు షెడ్డు ఉండేది. బడిలో చదివింది తక్కువ. పాత ఇంజన్లు విప్పి బిగించి పని నేర్చుకున్నవాణ్ణి. గోదావరి ఒడ్డునున్న ఒక ఊరివాళ్లు మంచిర్యాల వైపు దాటడానికి పడవ కొని, ఔట్‌బోర్డ్ మోటరు, అంటే పడవ వెనక తగిలించే ఇంజను, పెట్టించారు. నడిపేది రాజలింగు. రేవులో స్పీడు తగ్గించగానే ఇంజను ఆగిపోతోందని నా దగ్గరికి తెచ్చాడు.

పంపుసెట్టుకు చేసినట్టే చేశాను. నీళ్ల డ్రమ్ములో దించి, స్టార్టు చేసి, ఇంకా వేడెక్కకముందే ఐడిల్ స్క్రూ బిగించాను. యాక్సిలరేటరు పూర్తిగా తగ్గించాక ఇంజను ఎంత స్పీడులో తిరగాలో ఆ స్క్రూయే చెబుతుంది. ఆగకుండా తిరిగింది. పంపేశాను.

కొద్దిరోజులకే, రేవు వదులుతూ రాజలింగు గేరు వేయగానే పడవ ముందుకు ఎగిరింది. ఏరు దాటడానికి ఎక్కి కూర్చోబోతున్న ఊరి మనిషి పోసక్క పడిపోయింది. చెయ్యి విరిగింది.

పంచాయితీ పెట్టి నన్ను పిలిపించారు. ఇంజను మళ్లీ డ్రమ్ములో దించి చూశాను.

"మంచిగనే ఉన్నదా, మేస్త్రీ?" ఊరి పెద్దమనిషి అడిగాడు.

"గడియారం లెక్క నడుస్తున్నది."

"ఇంకేంది మరి! పొద్దుగాలనే ఏసుకొని ఎక్కిండు."

"నా పిల్లల మీద ఒట్టు, తాగలె," అన్నాడు రాజలింగు.

"ఊదు మరి, వాసన చూస్తం!" అన్నారెవరో. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, అడ్డమూ పడలేదు.

తర్వాత నడిపినవాడి చేతిలోనూ పడవ అలాగే ఎగిరి బండకు కొట్టుకుంది. అప్పుడు గానీ నేను పడవ ఎక్కలేదు. ఏరు దాటి తిరిగొచ్చేసరికి ఇంజను బాగా వేడెక్కింది. యాక్సిలరేటరు తగ్గించినా రొద తగ్గలేదు. గేరు వేస్తే నేనే వెల్లకిలా పడ్డాను.

పంపుసెట్టుకు గేరు ఉండదు. స్పీడు కాస్త ఎక్కువైతే నీళ్లు ఎక్కువ పోస్తుంది, అంతే. చల్లటి ఇంజను మీద బిగించిన స్క్రూ, వేడెక్కాక స్పీడు పెంచేస్తుంది; ఆ స్పీడులో గేరు పడితే పడవ ఎగురుతుంది. అసలు జబ్బు కార్బొరేటరులో పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రంలో ఇరుక్కున్న మురికి. దాన్ని కడిగాను. పడవను గుంజకు కట్టేసి, వేడి ఇంజను మీద, గేరు వేసి ఉంచి, ఆగిపోని చోటిదాకా స్క్రూ కొంచెం కొంచెంగా వదులు చేశాను. పడవ ఎగరడం మానింది.

అదే పంచాయితీ ముందు నిలబడి, "తప్పు నాది. ఆయన తాగలె," అన్నాను.

"అయ్యిందేదో అయ్యింది. రమ్మను, మళ్ల నడుపుమను," అన్నాడు పెద్దమనిషి, తప్పిపోయిన బర్రెను తోలుకురమ్మన్నంత తేలిగ్గా. నవ్విన నోళ్లలో ఒక్కటీ తప్పైందనలేదు. నా ఒళ్లు మండింది. కానీ వాళ్లను అనడానికి నాకు ముఖమేది?

రాజలింగు అప్పటికి బొగ్గు యార్డులో లారీలు నింపుతున్నాడు. వెళ్లి అంతా చెప్పాను. పార ఆపలేదు. మళ్లీ వెళ్లాను, లారీ అవతలి పక్కకు పోయి నింపసాగాడు. అయినా మానలేక ఇంకోసారి వెళ్లి, ఊరు రమ్మంటోందని చెప్పాను. పార నేలకు ఆనించి, తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"తాగలేదని ఆ దినమే చెప్పిన గద, కాకా. మీరు నన్ను నమ్మలె, స్క్రూను నమ్మిండ్రు. గా స్క్రూనే నడుపుమను పడవ."