పనికి వెళ్ళడానికి ఎన్ని నిమిషాలు?

ఎం.ఏ. ఎకనామిక్స్ చదివి రెండేళ్ళు ఖాళీగా ఉన్నాక నాకు దొరికిన పని, ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపడం. పట్టణాల్లో ఇళ్ళు, ఉపాధి, నేరాలు, ట్రాఫిక్ మీద ఎవరో ప్రొఫెసర్లు చేస్తున్న పరిశోధన అది. నెలన్నర ఏలూరులో, ఆ తర్వాత నెలన్నర తాడేపల్లిగూడెంలో. అవే ప్రశ్నలు అడిగి అడిగి, సాయంత్రమయ్యేసరికి నా మాట నాకే చికాకనిపించేది.

ఏలూరు శివార్లలో ఒక రేకుల గదిలో మా అమ్మ వయసావిడ ఉండేది. కొల్లేటిలో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేశాక పని పోయి, భర్తతో కలిసి ఇక్కడికి వచ్చేసింది. ఆయన గణపవరం వైపు చెరువుల్లో వల లాగడానికి వెళ్ళి వారానికోసారి ఇంటికొచ్చేవాడు.

"ఈ ఏడాదిలో దొంగతనమేమైనా జరిగిందా అండీ?" అని అడిగాను.

"మా ఆయన సైకిలు ఎవరో ఎత్తుకుపోయారండి."

"పోలీస్ స్టేషన్లో చెప్పారా?"

"సైకిలు లేకుండా అంత దూరం ఎలా వెళ్తారు బాబూ?" అంది. వేళాకోళం కాదు, నిజంగానే అడిగింది.

పనికి వెళ్ళడానికి ఎన్ని నిమిషాలు పడుతుందన్నాను.

"పని దొరికిన రోజునా అండి, దొరకని రోజునా?"

ఫారంలో ఉన్నది ఒకటే గడి. నలభై అని రాసేశాను.

ఆ ఫారం వెనక్కొచ్చింది. పని ఉందని టిక్కు పెట్టి, పనిచేసే చోటు రాయలేదని మా సూపర్‌వైజర్ కేకలేశాడు. ఏదో ఒకటి తేల్చుకు రమ్మన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ వెంట కూలీలు నిలబడే సెంటరుకి నడిచాను. చేతిలో ప్యాడ్ చూసి, నన్ను మేస్త్రీ అనుకుని జనం చుట్టుముట్టారు.

"ఎంతమంది కావాలండీ?"

"శ్లాబు పనా అండీ? ఆడాళ్ళు కూడా కావాలా?"

ఒక పెద్దాయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"మేస్త్రీ కాదండి, రాసుకునే బాబు," అని ఆవిడే అడ్డొచ్చింది. ఒక్కరూ విసుక్కోలేదు. ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళి నిలబడ్డారు. అక్కడి నుంచి పారిపోవాలనిపించింది.

ఎండెక్కేదాకా ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు. వెనక్కి నడుస్తుంటే అడిగింది:

"మీది పర్మనెంటేనా బాబూ?"

"కాదండీ. మూడు నెలలే."

"అంత చదువుకుని కూడానా!" అని కాసేపు నడిచి, "పొద్దున్న ఏమైనా తిన్నారా?" అంది. తిన్నానని అబద్ధం చెప్పాను.

చూసినదంతా సూపర్‌వైజర్‌కి చెప్పాను. "అయితే నిరుద్యోగి అని పెట్టెయ్. ఆ నలభై కూడా కొట్టెయ్," అన్నాడు. వాదించే ఓపిక లేక నా చేత్తోనే కొట్టేశాను. ఇంకో ఫారం కోసం మర్నాడు ఆ వీధికే వెళ్తే, ఆవిడ గదికి తాళం వేసి ఉంది. పెదపాడు వైపు వరి కోతల పని దొరికి వెళ్ళిందని పక్కింటివాళ్ళు చెప్పారు.

మళ్ళీ దిద్దుదామంటే ఫారాలు అప్పటికే కట్ట కట్టి పంపేశారు. ఆ వారమే నేను తాడేపల్లిగూడెం బస్సెక్కాను.