ఒక్క మైలు సాక్ష్యం

ఆ రోజుల్లో అమెరికాలో, బెంటన్‌విల్‌లో మా తెలుగువాళ్ళందరూ పొదుపైన చిన్న కార్లు కొనుక్కుంటుంటే, నేను మాత్రం ఒక పాత డీజిల్ పికప్ ట్రక్కు కొన్నాను. (అప్పటికి నాకు నలభై నిండలేదు కాబట్టి దాన్ని యౌవనమనే అంటాను.) రోజంతా కంప్యూటర్ ముందు నోరు మూసుకుని కూర్చునేవాడికి, ఇంటికి వెళ్ళేటప్పుడైనా గట్టిగా చప్పుడు చేసే వస్తువు ఒకటి ఉండాలని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఇబ్బందల్లా మా ఆవిడతోనే. పాపను వెనక సీట్లో కట్టాలంటే ఆవిడ ప్లాస్టిక్ స్టూలు వేసుకుని ఎక్కాలి. చీర కట్టుకునే ఆదివారాలు మరీ కష్టం. పైగా ఆ బండి గాలన్‌కి పదిహేను మైళ్ళే ఇచ్చేది. దాన్ని అమ్మేసి మినీవ్యాన్ కొందామంది. నేనొక షరతు పెట్టాను. ఇంజన్ ట్యూనింగ్ చేయిస్తాను. ఇరవై మైళ్ళు ఇస్తే ట్రక్కు ఉంటుంది, ఇవ్వకపోతే పోతుంది. ఆవిడ సరేనంది. అంత త్వరగా సరేనన్నప్పుడే నేను అనుమానపడాల్సింది.

ఊరి చివర షెడ్డులో ఒక ముసలి అమెరికన్ మెకానిక్ ఉండేవాడు. అతను స్టీరింగ్ కింద ఒక చిన్న పెట్టె తగిలించి, ఇంజన్‌కి డీజిల్ ఎప్పుడు ఎంత అందాలో చెప్పే లెక్కలు మార్చాడు. నా పని అయింది, ఇక మిగతాది నీ కాలి చేతిలో ఉంది అన్నాడు. అది వీడ్కోలు మాట అనుకున్నాను. ఆ రోజు నుంచి ట్యాంకు నింపిన ప్రతిసారీ మైళ్ళూ గాలన్లూ డైరీలో రాశాను. ఒకే బంకు, ఒకే పంపు. (అక్కడ వేరే బండి ఉంటే అది కదిలేదాకా వెనకే ఆగేవాణ్ణి.) కొత్త లెక్కలకు ఇంజన్ అలవాటు పడాలని హైవే మీద కూడా యాభై దాటకుండా నడిపాను. వెనక బళ్ళవాళ్ళు హారన్లు కొడితే, సైన్సు తెలియనివాళ్ళని క్షమించాను. నాలుగో వారానికి ఇరవై వచ్చింది.

మా తెలుగు చర్చి ముప్పై మైళ్ళ అవతల ఉండేది. ఆరాధనలో సాక్ష్యాల సమయమని ఒకటుంటుంది. వీసా వచ్చినవాళ్ళూ, ఉద్యోగం నిలబడినవాళ్ళూ, జ్వరం తగ్గినవాళ్ళూ లేచి దేవునికి కృతజ్ఞత చెప్పుకుంటారు. ఆ ఆదివారం నేను లేచాను. డైరీ తెరిచి నాలుగు వారాల అంకెలూ చదివి, "పదిహేను ఇచ్చే బండి ఈ రోజు ఇరవై ఇస్తోంది, దేవునికి స్తోత్రం" అన్నాను. అలవాటు కొద్దీ అందరూ హల్లెలూయా అన్నారు. పాస్టరు గారు మాత్రం కాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

భోజనాల దగ్గర పాస్టరమ్మ గారు, తమ వ్యాన్‌కి కూడా ఆ ట్యూనింగ్ చేయిద్దామని మా ఆవిడను వివరాలు అడిగారు. మా ఆవిడ నా చేతిలోని డైరీ తీసుకుంది. (ఇంట్లో బయల్దేరిన వేళా, చర్చి చేరిన వేళా ట్యూనింగ్‌కి ముందు నుంచే అందులో రాసేవాణ్ణి. నా క్రమశిక్షణే నాకు శత్రువు.)

"చూడండి అమ్మగారూ, ట్యూన్ చేయించక ముందు థర్టీ ఫైవ్ మినిట్స్. చేయించాక ఫార్టీ ఫైవ్. నాలుగు వారాల నుంచీ మేం ఫస్ట్ సాంగే వినలేదు. మారింది ఇంజనో, ఈయన కాలో మీరే చెప్పండి."

పాస్టరమ్మ గారు పలావు వడ్డించుకునే మిషతో మొహం తిప్పుకున్నారు. కాలు వేరు, ఇంజన్ వేరు, కావాలంటే నువ్వే ఒక వారం నడిపి చూడు అని మా ఆవిడతో అనేశాను. నడిపింది. అందరూ వెళ్ళే వేగంతోనే నడిపింది. నేను పక్కన డైరీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. శనివారం అదే పంపు దగ్గర ట్యాంకు నింపి లెక్క కట్టాను. పదహారు. మూడుసార్లు కట్టాను. పదహారే.

ఆవిడ గెలిచినట్టు కూడా మాట్లాడలేదు. "దేవుడి ముందు చెప్పింది దేవుడి ముందే దిద్దుకోండి" అంది, అంతే.

మర్నాడు మళ్ళీ లేచాను. "పోయిన వారం ఇరవై అన్నాను. పెరిగిన అయిదింటిలో నాలుగు నా కాలివి. ఒకటి మాత్రం ఇంజన్‌దే. దాన్ని ఎవరికీ వదులుకోను. ఆ ఒక్క మైలుకీ స్తోత్రం."

పాస్టరు గారు మళ్ళీ కళ్ళద్దాలు తీశారు. అప్పుడు ఆడవాళ్ళ వరసలోంచి ఒక్క గొంతు, ఆ చర్చిలో నేను అంతకుముందెన్నడూ విననంత గట్టిగా, హల్లెలూయా అంది. అది మా ఆవిడ గొంతు.

ట్రక్కు ఆ వారమే వెళ్ళిపోయింది. ఆ ఒక్క మైలూ గాలివాటం వల్లో, చల్లదనం వల్లో వచ్చి ఉంటుందని మా అల్లుడంటాడు. నేను వినను. మొన్న ఆ డైరీ తీశాను. పదహారు అంకెని ఎంత ఒత్తి రాశానో, దాని అచ్చు వెనక మూడు పేజీల దాకా దిగింది. ఇప్పుడు నా రాత కాగితానికి ఆనీ ఆనకుండా పోతోంది. ఒక్క మైలు కోసం అంత బలం ఎక్కణ్ణించి తెచ్చాడో అప్పటి ఆ మనిషి. నాలుగో పేజీ మీద కూడా వేలు పెట్టి చూశాను. తగిలినట్టే ఉంది.