సాయిలన్న విన్న పిపిట్

నిన్న ఉదయం రెండో పీరియడ్‌లో ఉండగా సాయిలన్న కూతురు ఫోన్ చేసింది.

"మేడం, బాపు లేడు."

"ఎక్కడికి వెళ్లాడు?" అని అడిగాను. నిజంగా అలాగే అడిగాను.

ఆ పిల్ల గట్టిగా ఏడిస్తేగానీ నా బుర్రకు ఎక్కలేదు. చాయ్ తాగుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడట. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే అంతా అయిపోయింది.

క్లాస్ వదిలేసి కామారెడ్డిలో బస్సెక్కాను. సీటు దొరికింది. కూర్చోలేకపోయాను. లింగంపేట దాకా నిలబడే వెళ్లాను.

ఈ రోజూ అంతే. కూర్చుంటే లేవాలనిపిస్తోంది. మన పిట్టల గ్రూప్ కోసం ఈ పోస్ట్ పొద్దున్నుంచి నాలుగుసార్లు రాసి చెరిపేశాను.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. సాయిలన్న లింగంపేట వైపు లైన్‌మన్. నేను కామారెడ్డిలో జువాలజీ లెక్చరర్‌ని. మా ఇద్దరికీ పిట్టల పిచ్చి. నా దగ్గర పెద్ద కెమెరా, మూడు పుస్తకాలు ఉన్నాయి. ఆయన దగ్గర రెండు చెవులు ఉండేవి.

ఆయన పిలిచే తీరే వేరు.

"మేడం, రేపు పొద్దుగాల తొమ్మిదింటికి ఎల్సీ తీసుకుంటున్న. రాండ్రి."

ఎల్సీ అంటే లైన్ క్లియర్. స్తంభం ఎక్కేముందు ఆ లైన్‌కు కరెంటు ఆపించుకోవడం. కరెంటు పోగానే చుట్టుపక్కల బోరు మోటర్లన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. మా పొలాల్లో పిట్టల గొంతు సరిగ్గా వినిపించేది అప్పుడే. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. సాయిలన్న చెప్తేనే తెలిసింది.

పని పూర్తయ్యాక కూడా కిందికి దిగేవాడు కాదు. పైనే చెవులు రిక్కించి కూర్చునేవాడు.

గట్టు మీద నుంచి ఎవరో ఒకరు అరిచేవారు. "ఓ సాయిలూ, కరెంటు ఎప్పుడిస్తవ్? నాటేసిన మడి ఎండుతున్నది!"

"అయిపాయె పటేలా, ఒక్క నట్టు బిగించేదున్నది!"

ఆ నట్టు ఏ స్తంభానిదో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇక అసలు విషయం. దీనికోసమే నాలుగుసార్లు చెరిపింది.

పోయిన జనవరిలో ఎల్లారెడ్డి దగ్గర ఒక మెట్ట చెలకలో ఉన్నాం. మన దగ్గర ఏడాది పొడుగునా కనిపించే పొలం పిపిట్ పిట్ట మీకు తెలుసు. మట్టిరంగు, ఛాతీ మీద గీతలు, తోక ఊపుకుంటూ నడుస్తుంది. చలికాలంలో ఉత్తర దేశాల నుంచి బ్లిత్స్ పిపిట్ అని ఇంకొకటి వస్తుంది. పక్కపక్కన పెట్టినా రెండూ కవలల్లాగే ఉంటాయి.

మా ముందు నుంచి ఒకటి లేచింది. సాయిలన్న ఆగిపోయాడు.

"ఇది మన రోజుటిది కాదు మేడం. మనది చిప్ చిప్ అని తెగ్గొట్టినట్టు ఒర్రుతది. ఇది చివర్ల గుంజింది. ఇన్నరా?"

నేను వినలేదు. ఫోటో తీసే హడావుడిలో ఉన్నాను.

అది మళ్లీ లేచినప్పుడు ఆయన దాని గొంతు ఫోన్‌లో రికార్డ్ చేసి నాకు పంపాడు. చూసిన పిట్టల లెక్క రాసుకునే యాప్‌లో తన లిస్టులో బ్లిత్స్ పిపిట్ అని పెట్టాడు. ఎదురుగా "విన్నాను" అని రాశాడు.

ఆ యాప్‌లో మన జిల్లా లిస్టులు చెక్ చేసే పని నాది. నా ఫోటోలో తేడా ఏమీ కనిపించలేదు. గాలి హోరు ఎక్కువగా ఉందని ఆ రికార్డింగ్ పూర్తిగా వినను కూడా లేదు.

నా నోటి సంగతి మీకు తెలుసుగా. మన గ్రూప్‌లో అందరి ముందూ రాసేశాను. "చెవుల మీద నమ్మకంతో జిల్లా రికార్డులు పెట్టుకోలేం అన్నా." పక్కన ఒక నవ్వు బొమ్మ. మీలో కొందరు కూడా నవ్వారు.

సాయిలన్న "సరే మేడం" అన్నాడు. అంతే.

పోయిన వారం ఫోన్‌లో స్టోరేజ్ నిండిపోయి పాతవి డిలీట్ చేస్తుంటే ఆ రికార్డింగ్ తగిలింది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మొదటిసారి చివరిదాకా విన్నాను.

చివర్లో గుంజింది. స్పష్టంగా.

హైదరాబాద్‌లో బాగా తెలిసినవాళ్లకు పంపాను. వాళ్లూ బ్లిత్స్ పిపిటే అన్నారు, అనుమానమే లేదన్నారు.

వెంటనే ఫోన్ చేయాల్సింది. చేయలేదు. ఆదివారం కలుస్తాం కదా, ఎదురుగా చెబుదాంలే అనుకున్నాను. అది కూడా అబద్ధమే. తప్పు ఒప్పుకోవాలంటే నాకు నోరు పెగలదు, అందుకే వాయిదా వేశాను.

ఇంకా ఆదివారం రాలేదు.

కనీసం రికార్డ్ అయినా సరిచేద్దామని ఈ ఉదయం యాప్‌లో ఆయన లిస్టు తెరిచాను. అక్కడ బ్లిత్స్ పిపిట్ లేదు. నేను గ్రూప్‌లో రాసిన రోజే ఆయనే తీసేశాడు. దాని స్థానంలో "పిపిట్, ఏదో తెలియదు" అని మార్చాడు. కింద ఒక నోట్.

"మేడం కాదన్నది. మేడం చదువుకున్నది. నా చెవులే మోసం జేసినయేమో."

లిస్టు ఆయనది. అందులో పేరు మార్చే హక్కు ఆయనకే ఉంది, నాకు లేదు.

తర్వాతి లిస్టులన్నీ ఒక్కొక్కటే తెరిచాను. నిన్నటి ముందు రోజుది దాకా. ఒక్క పిట్ట ఎదురుగా కూడా "విన్నాను" అని లేదు. అన్నీ కంటితో చూసినవే. తొమ్మిది నెలలుగా ఆ మనిషి తన చెవులను తనే నమ్మలేదు. నా వల్ల. పక్కనే నడిచాను, ఒక్కసారీ గమనించలేదు.

కాదన్నది అందరి ముందు కాబట్టి ఇదీ అందరి ముందే చెప్తున్నాను.

సాయిలన్నా, అది బ్లిత్స్ పిపిటే. నువ్వు సరిగ్గానే విన్నావు. తప్పు నాది.

పోయిరా అన్నా. నీ ప్రాణం నిమ్మళంగా ఉండాలి. నాకు ఇప్పట్లో నిమ్మళం దొరకకపోయినా సరే.