ఒక్క పేరు మీద ఇద్దరు

నా రాత బాగుండదు, అక్షరాల్లో తప్పులు పోతాయి. ఊరి బడిలో అయిదు దాకా చదివినవాడిని, సర్దుకుని చదవండి. మా హాజరు సారు చనిపోయాడు. భూపాలపల్లిలో బిడ్డ ఇంట్లో పొద్దున చాయ్ తాగుతూ అట్లాగే ఒరిగిపోయాడట. ఫోన్ వచ్చినప్పుడు తొర్రూరులో మిరప నారు కొంటున్నాను. నారు కట్ట అక్కడే మరిచి బస్సెక్కాను. మొన్ననే మాట్లాడిన మనిషి. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

తొర్రూరు అవతల పత్తి మిల్లులో నేను మిషన్లకు ఆయిలు పోసేవాడిని. ఆయన గేటు దగ్గర హాజరు రాసేవాడు. నా పేరు పిలిస్తే నా గొంతు నాకే వినిపించేది కాదు.

"ఆయిలోడా, పిల్లి లెక్క నడుస్తవ్. పిల్లి లెక్కనన్న అరువు" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు.

నా పక్క మిషన్ దగ్గర నెల్లికుదురు దిక్కు తండా నుంచి వచ్చే అక్కాచెల్లెళ్లు పనిచేసేవాళ్లు. ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్లు. అత్త మంచం పట్టి ఉండేది. ఒకరు ఇంట్లో ఉంటే ఒకరు పనికి. రిజిస్టరులో మాత్రం అక్క పేరు ఒక్కటే. సారు ఆ పేరు పిలిచి, ఈ రోజు ఎవరొచ్చారా అని తలెత్తి చూసేవాడు. ఎవరొచ్చినా హాజరు వేసేవాడు.

నిరుడు సీజను అయిపోగానే, మిల్లు మూస్తున్నామని గేటుకు కాగితం అంటించారు.  నెల కూలి తీసుకుని ఇంకో కాగితం మీద వేలిముద్ర పెట్టమన్నాడు మేనేజరు. సారు దాన్ని పైకి చదివాడు.

"మా ఇష్టంతోనే పని మానుకుంటున్నం అని రాసిండ్రు. నీ ఇష్టమేనా, అవ్వా?"

"నా ఇష్టమైతే నేనెందుకు పోత, సారూ?" అంది పత్తి ఊడ్చే ముసలవ్వ.

"మరి గదే చెప్పుండ్రి."

రెండు రోజులు పత్తి తూచే కాంటా దగ్గరే కూర్చున్నాం. చివరికి, పనిచేసిన ఒక్కో ఏడాదికి పదిహేను రోజుల కూలి లెక్కన ఒప్పుకున్నారు. అప్పుడు మేనేజరు రిజిస్టరు తెరిచాడు. అక్క పేరు దగ్గర ఆగాడు. కూలి తీసుకున్నప్పుడల్లా వేసిన ముద్రల్లో, ఒక వేలిముద్రలో కొడవలి గాటు ఉంది, ఇంకోదాంట్లో లేదు.

"ఈడ రెండు వేళ్లున్నయి. దొంగ హాజరు. ఈ పేరుకు ఏం రాదు."

ఆ రోజు వచ్చింది అక్క ఒక్కతే. కొంగు నోట్లో కుక్కుకుంది. సారు లేచాడు.

"రాసింది నేను. ఒక్క దినమన్న గా మిషన్ కాడ జాగ ఖాళీ ఉన్నదా? అడుగుండ్రి వీళ్లను."

ఆయన నా దిక్కే చూశాడు. పక్క మిషన్ వాడిని నేనే. లేదు అని ఒక్క మాట అంటే అయిపోయేది. నేను ఆయిలు డబ్బా దిక్కు చూస్తూ కూర్చున్నాను.

"సరే, తప్పు నాది. నాకచ్చేది ఆపుండ్రి. ఆమెకియ్యుండ్రి" అన్నాడు సారు.

మేనేజరు అప్పుడే అట్లా రాసేశాడు. గేటు పెట్టిన నాటి నుంచి ఉన్న మనిషి చేతిసంచి పట్టుకుని ఉత్తగా బయటికి నడిచాడు. 

బస్సు కోసం నిలబడ్డప్పుడు దగ్గరికి పోయాను. "సారూ, నేను పలుకకపోతి" అన్నాను.

ఆయన నవ్వాడు. "నువ్వెన్నడు పలికినవ్ గనుక? పలుకకున్నా గిన్నేండ్లు నీకు హాజరు ఏసిన గదా."

నేను భూపాలపల్లి చేరేసరికి పాడె కడుతున్నారు. అప్పుడే ఆటో దిగారు అక్కాచెల్లెళ్లు. అన్నేళ్లలో వాళ్లిద్దరినీ ఒక్కచోట చూడడం అదే మొదలు. "వీళ్లెవరు?" అన్నాడు సారు అల్లుడు.

"మిల్లోళ్లు. ఇద్దరు సారు దగ్గర పనిచేసిండ్రు" అన్నాను. నా గొంతుకు నేనే ఉలిక్కిపడ్డాను. అందరూ నా దిక్కు తిరిగారు. చెల్లె, సారు కాళ్ల దగ్గర వంగి, గాటున్న బొటనవేలు ఆయన పాదానికి ఆనించి చాలాసేపు తియ్యలేదు.

ఆ మిల్లులో పనిచేసినవాళ్లెవరైనా ఇది చదివితే, ఎక్కడున్నారో జల్ది ఒక ముక్క రాయండి.