టైం చూసే పిల్ల

మా టాన్సీకి నోట్లో నాలుక లేదనుకునేవాళ్లు మా కొండ ఊళ్లలో చాలామందే ఉన్నారు. నేను మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. నేను స్కూలు బస్సు నడిపిన రోజుల్లో, తమ్ముణ్ణి ఏడిపించాడని తనకంటే జానెడు పొడుగున్నవాడి చెవి మెలిపెట్టిన పిల్ల అది. నలుగురి ముందు నిలబడి మాట్లాడమంటేనే దాని ప్రాణం మీదికొస్తుంది.

రిటైరయ్యాక ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక నేనూ కాలేజీలో చేరాను. అక్కడ మళ్లీ తగిలింది టాన్సీ. మంచి మార్కులు వచ్చినవాళ్లను తీసుకునే ఆనర్ సొసైటీలో మా ఇద్దర్నీ చేర్చుకున్నారు. దాని మార్కుల ముందు నావి దిగదుడుపే అనుకోండి. దాని ఆశంతా ఎక్స్‌రే కోర్సు మీద. ఆ కోర్సులో సీటు కావాలంటే, అందరి ముందూ ప్రసంగించాల్సిన స్పీచ్ క్లాసు గట్టెక్కాలి. రెండుసార్లు చేరింది, రెండుసార్లూ తన వంతు రాకముందే మానేసింది. ఇది మూడోసారి. ఈసారీ మానేస్తే ఇక ఆ కోర్సు మాట మరిచిపోవాల్సిందే.

ఆ వసంతంలో సొసైటీ రాష్ట్ర మహాసభ లూయివిల్ నగరంలో జరిగింది. లెక్కల మాస్టారు స్కాగ్స్ గారు కాలేజీ వ్యానులో మమ్మల్ని తీసుకెళ్లారు. కొండలు దాటుతుండగా టాన్సీ నెమ్మదిగా అంది.

"మిస్ వర్నెల్, మంగళవారం క్లాసులో నా వంతు."

"అయితే ఏంటంట?"

"సోమవారమే మానేస్తాను. మావయ్య తన పెట్రోలు బంకులో కూర్చోమంటున్నాడు."

"కూర్చో! జీవితాంతం సిగరెట్లకి చిల్లరిస్తూ కూర్చో!" అని కసిరాను.

ఆ పిల్ల ముఖం కిటికీ వైపు తిప్పేసుకుంది. నా పాడు నోరు! మంచిమాట చెబుదామనే తెరుస్తాను, వచ్చేది మాత్రం ఇలాగే ఉంటుంది.

హోటల్ హాలు కిటకిటలాడుతోంది. ఒక్కో కాలేజీవాళ్లు ఒకే రంగు చొక్కాలు తొడుక్కుని కాలేజీ పేరు గొంతు చించుకుని అరుస్తున్నారు. సొసైటీ పదవుల ఎన్నికల్లో నిలబడ్డ పిల్లలు దారికడ్డంగా బల్లలేసుకుని చాక్లెట్లు పంచుతున్నారు. టాన్సీ నా చెయ్యి వదిలితే ఒట్టు. దానికి మంచి బూట్లు లేవని నా ఎత్తుమడమల నల్ల బూట్లు ఇచ్చాను. నావి పెద్ద పాదాలు, అందుకని ముందుభాగంలో కాగితం రుమాళ్లు కుక్కుకుంది.

దాని అవస్థ చూసి స్కాగ్స్ గారు ఒక పని ఇప్పించారు. పదవులకు పోటీచేసేవాళ్లు ప్రసంగిస్తుంటే టైం చూడాలి. ఆకుపచ్చ అట్ట ఎత్తితే ఇంకా టైముందని, పసుపుదెత్తితే ముగించమని, ఎర్రదెత్తితే ఆపమని.

"నోరు తెరవక్కర్లేదు తల్లీ. అసలు తెరవకూడదు, అది రూలు" అన్నారాయన. దాని ముఖంలోకి అప్పుడొచ్చింది రక్తం.

వేదిక పక్కన కుర్చీ వేశారు. మాకు మైకు వెనకున్నవాళ్ల ముఖాలే కనిపిస్తాయి, దానికి మైకు బల్ల వెనక కాళ్లు కూడా కనిపిస్తాయి. ముందు గ్రేడీ అనే కుర్రాడు వచ్చాడు. నీలం టై, చక్కటి నవ్వు, ఎక్కడా తడబాటు లేదు. హాలంతా ఈలలు. టాన్సీ మాత్రం అట్టలు ఎత్తుతూనే అతని కాళ్ల వైపు కళ్లు ఇంతింత చేసుకుని చూస్తోంది.

తర్వాత మారిబెల్ అనే సన్నటి అమ్మాయి. రెండు మాటలు బాగానే చెప్పింది. అంతే, గొంతు ఆగిపోయింది. ఎవరో దగ్గారు. అయ్యో, ఆ పిల్ల పెదవులు కదులుతున్నాయి కానీ మాట రావడం లేదు!

అప్పుడు టాన్సీ ఆకుపచ్చ అట్ట పట్టుకుని లేచి నిలబడింది.

"ఇంకా బోలెడు టైముంది. తొందరేం లేదు. కావాలంటే బూట్లు విప్పేసెయ్, పర్లేదు."

మారిబెల్ ఒక్క క్షణం తెల్లబోయి, నిజంగానే బూట్లు విప్పేసింది. గట్టిగా ఊపిరి పీల్చి చెప్పాల్సిందంతా చెప్పి దిగింది.

వెంటనే గ్రేడీ కాలేజీ వరసలోంచి ఒకడు లేచాడు. "ఇదెక్కడి న్యాయమండీ! టైం చూసేవాళ్లు మాట్లాడకూడదు. మారిబెల్‌ని పోటీలోంచి తీసెయ్యాలి!"

సభ నడిపే ఆవిడ టాన్సీ వైపు తిరిగింది. "టైం చూసేవారు మైకు దగ్గరికొచ్చి సంజాయిషీ ఇవ్వండి" అంది.

నేనే వెళ్లి వాడికి నాలుగు తగిలిద్దామని లేచాను. స్కాగ్స్ గారు నా స్వెటరు పట్టి లాగి కూర్చోబెట్టారు. "దాన్ని మాట్లాడనివ్వండి మిస్ వర్నెల్" అన్నారు.

టాన్సీ మైకు ముందు నిలబడింది. చూస్తుండగానే వంగి నా బూట్లు విప్పింది. కుక్కిన కాగితాలు బయటికొచ్చి వేదికంతా దొర్లాయి. హాలు గొల్లుమంది. తనకీ నవ్వాగలేదు.

"రూలు తప్పింది నేను. ఆమె కాదు. నేనేమీ ఎక్కువ టైం ఇవ్వలేదు, ఉన్నదే చెప్పాను. నోరు పెగలకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకే స్పీచ్ క్లాసు రెండుసార్లు మానేశాను." వేదిక పక్కనున్న కుర్చీ వైపు చెయ్యి చూపించింది. "భయం నాకొక్కదానికే అనుకునేదాన్ని. ఆ కుర్చీలో కూర్చుంటే తెలిసింది. బ్రహ్మాండంగా మాట్లాడినవాళ్ల కాళ్లు కూడా వణుకుతున్నాయి. పేర్లు చెప్పను."

"నా పేరు చెప్పొచ్చు!" అని గ్రేడీ లేచాడు. "నేనూ బూట్లు విప్పే మాట్లాడాను. నా మోకాళ్లు కుట్టుమిషన్లా ఆడాయి. ఒరేయ్, కూర్చోరా! మాకు ఏ ఫిర్యాదూ లేదు."

చప్పట్లతో హాలు దద్దరిల్లిపోయింది. నేను ఏడ్చేశాను, దాచుకోవడమెందుకు. గ్రేడీయే గెలిచాడు, మారిబెల్ ఓడిపోయింది. ఓడినమ్మాయి వచ్చి మా పిల్లని కౌగిలించుకుని ఎంతసేపటికీ వదల్లేదు.

తిరుగుప్రయాణంలో, క్లాసు సంగతి ఏం చేస్తావని అడగాలని నాలుక దురద పెడుతోంది. మళ్లీ ఏం చెడగొడతానో అని పళ్లు బిగించుకుని కూర్చున్నాను. మా కొండలు కనిపించాక ఒళ్లో నా బూట్లు పెట్టుకున్న టాన్సీ నా వైపు తిరిగింది.

"మిస్ వర్నెల్, ఇవి మంగళవారం దాకా ఉంచుకోనా?"

ఈసారి ముఖం కిటికీ వైపు తిప్పుకున్నది నేను.

"ఉంచుకోవే పిల్లా, ఎలాగూ విప్పడానికేగా!" అన్నాను.