పెట్రోలు అక్కర్లేని కారు

బండ్ల కమాన్లు బాగుచేసే మేస్త్రి నోరు విప్పాడంటే ఎదుటివాడు మూసుకోవలసిందే. ఆ రోజు అతను పెళ్ళాం మీద గెలిచిన తగువు అతని అక్క కళ్ళారా చూసింది.

"దగ్గరికెళ్తే రోగమొచ్చే సరుకంట. మన షెడ్డులో ఎందుకండీ?" అంది ఆమె మరదలు.

"రోజూ గ్యాసు బండ పక్కన నిలబడి వండుతున్నావు. అదేమన్నా నీ మేనత్తా, నీ మీద దయ చూపడానికి?"

మరదలికి నవ్వొచ్చింది. ఆ ఇంట్లో నవ్వినవాళ్ళు ఓడినట్టే.

సరుకు తెచ్చింది ఒక డబ్బున్న ఆసామి. మూతపడ్డ ఫ్యాక్టరీ తుక్కులో రేడియోధార్మిక పొడి నింపిన గొట్టం కొన్నాడు. దాని వేడితో కారు నడిస్తే జన్మలో పెట్రోలు బంకు మొహం చూడక్కర్లేదని అతగాడి ఆశ. కిరణాలు బయటికి రాకుండా చుట్టూ మందపాటి సీసం పెట్టె పోయించాడు. ఆ బరువుకి కారు వెనకభాగం నేలకి కరుచుకుపోయింది. మేస్త్రి వెనక చక్రాల మీది కమాను కట్టకి ఇనప పట్టీలు పెంచి పైకి లేపాడు. లేచింది గానీ అంగుళం కదల్లేదు. గొట్టం వేడికి ఒక చిన్న బల్బు వెలిగింది, అంతే. పోనీ ఆర్పుదామంటే దానికి మీట లేదు. కారు నడిచినా పడుకున్నా అది తన మానాన కాగుతూనే ఉంటుంది.

"ఈ మాత్రం వెలుగుకి కొవ్వొత్తి చాలదూ?" అంది మరదలు.

ఆ మాట మేస్త్రికి గుచ్చుకుంది. బండి కదలకపోతే బరువు దించడమే అతనికి చేతనైన వైద్యం. సీసాన్ని రంపంతో పల్చన చేయబోయాడు. రంపం గొట్టాన్ని కోసింది. బూడిదరంగు పొడి జుట్టులో, చొక్కా మీద పడింది. కాసేపటికే వాంతులు. ఆసామి ఫోను ఎత్తలేదు. ఇలాంటి సరుకు సంగతి చూసే సర్కారు ఆఫీసు వాళ్ళు మాత్రం ఎత్తి, పెట్టెకి దూరంగా షెడ్డు ముందుగదిలో ఉండమన్నారు, పొడి అంటుకుంటుంది ఎవర్నీ తాకొద్దన్నారు, బయల్దేరి వస్తున్నామన్నారు.

కబురందుకుని వచ్చిన అక్కకి కిటికీ అద్దం వెనక తమ్ముడి మొహం కనిపించింది. అంత నోరున్నవాడు మాట వెతుక్కుంటున్నాడు.

"అక్కడే ఆగక్కా. పిల్లేదీ?"

"సందు మొదట్లో. వాళ్ళమ్మకి పట్టు చిక్కట్లేదు."

నాన్న కనిపిస్తే మెడకి వేలాడే పిల్ల అది. ఏడుపు దగ్గరవుతోంది. మేస్త్రి చెయ్యి తలుపు గడియ మీదికి వెళ్ళింది. మళ్ళీ వెనక్కి లాక్కున్నాడు.

"అక్కా, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వచ్చి, బయట గొళ్ళెం వేసి తాళం పెట్టు. పిల్ల ఏడుపు వింటే తియ్యమని బతిమాలతాను, బూతులు తిడతాను. వాళ్ళొచ్చేదాకా తియ్యకు."